కుంట గట్టు మీద దెయ్యం

మార్చి 3, ఆదివారం

మూడో ఫిల్ము డబ్బా మళ్ళీ పులిసిన వాసన వేస్తోంది. మూత తీసి పాత చెక్కముక్కలు పారేసి కొత్త పయోమ్ చెట్టు చెక్కముక్కలు వేశాను. తాటిచెట్టుకు కట్టే వెదురు గొట్టంలో అవి నాలుగు వేస్తే నీరా పులవదు. దీనికీ అంతే. డబ్బా తుడిచి బెల్లం పొయ్యి మీది అటక మీద పెట్టాను. అక్కడ ఎప్పుడూ వెచ్చగా, పొడిగా ఉంటుంది. చెద పట్టదు, వాన తగలదు. మూడు డబ్బాలూ ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉన్నాయి. నా కూతురు తోయి ఆ ఫిల్ములో ఉంది.

మొన్న విహారంలో దాని పేరున నీళ్ళు ధారపోస్తూ ముఖం గుర్తుతెచ్చుకోబోతే రాలేదు. జుట్టు వచ్చింది, మోకాలి మీది మచ్చ వచ్చింది, ముఖం రాలేదు. నాకు డెబ్భై అయిదు నిండాయి. ఇంకా ఏమేం పోతాయో. అందుకే ఈ నోటుపుస్తకం కొన్నాను. నాలుగో తరగతి చదువుకి ఇంత రాయగలనో లేదో.

పేరు తోయి. ఏడేళ్ళు. సినిమా వాళ్ళు నడినెత్తిన జుట్టు ముడి కట్టించారు. పచ్చి మామిడికాయ ఉప్పూకారం అద్దుకుని తినేది. మా తాటితోపు కుంటలో పోయింది. అప్పుడు షూటింగు ఆపి అందరూ అన్నాలు తింటున్నారు. నేను పొయ్యి దగ్గర వడ్డిస్తున్నాను. వాళ్ళకి వంటమనిషిని నేనే.

మార్చి 5

గొంతు కూడా రావడం లేదు. "అమ్మా" అని తోయి పిలిచినట్టు అనుకుంటే చువాన్ అన్న గొంతు వస్తోంది.

ఆ రోజుల్లో సినిమాకి మాటలు ఉండేవి కావు. బొమ్మ ఆడుతుంటే పక్కన కూర్చుని మైకులో ఒక్కడే అందరి గొంతులూ పెట్టేవాడు. రాజుకి, దొంగకి, ముసలమ్మకి, పిల్లకి, అందరికీ చువాన్ అన్నే. తోయి సినిమా పక్క ఊరి పొలాల్లో తెరకట్టి ఆడించినప్పుడు నేను వెళ్ళలేదు. తలుపేసుకుని కూర్చున్నాను. లౌడ్‌స్పీకరు ఊరుకుంటుందా. "అమ్మా, నీళ్ళు తెచ్చాను. అమ్మా, నీళ్ళు తెచ్చాను." మగవాడి గొంతు సన్నగా చేసి. చివర్లో ఎవరో ఆడదాని నవ్వు. ఆ నవ్వుకి చెవులు మూసుకునేదాన్ని.

నలభై ఎనిమిదేళ్ళలో ఆ గొంతు నా పిల్ల గొంతుని తినేసింది.

మార్చి 9, శనివారం

చువాన్ అన్న వచ్చాడు. మెట్ల కింద చెప్పులు విడుస్తూనే కేక. "లమై! ఉన్నావా, పోయావా? పోతే చెప్పు, నీకూ ఒక సినిమా వేస్తాను!"

ఇప్పుడు ఆయన పని అదే. మొక్కు తీరినవాళ్ళు దేవత గుడిసె ముందు సినిమా వేయిస్తారు. మనుషులు రారు. ఖాళీ కుర్చీలు వేసి, అగరొత్తులు వెలిగించి, దేవతకే చూపిస్తారు. ఎనభై ఏళ్ళ మనిషి, ఆ కుర్చీలకి ఇప్పటికీ అన్ని గొంతులూ పెడతాడు.

"ఎలా ఉంది అన్నా వ్యాపారం?"

"దివ్యంగా ఉంది. మధ్యలో లేచిపోయేవాడు లేడు, ఈల వేసేవాడు లేడు. ఇలాంటి జనం వయసులో దొరికుంటే ఇంకా లావయ్యేవాణ్ణి."

టీ లేదంటే నీరా తాగాడు. తాగి అసలు సంగతి చెప్పాడు. బ్యాంకాక్ నుంచి ఆనోన్ అని ఒకాయన, పాత దెయ్యాల సినిమాలు పోగుచేసేవాడు, 'నీళ్ళు మోసే పిల్ల' కోసం పన్నెండేళ్ళుగా వెతుకుతున్నాడట.

"ఆ సినిమాకా? జనం చాపలు చుట్టుకుని సగంలో ఇంటికి పోలేదూ?"

"పోయారు. నన్ను తిట్టి మరీ పోయారు. గంటన్నరసేపు పిల్ల కుంటనుంచి ఇంటికి నీళ్ళు మోస్తూనే ఉంటుంది. దెయ్యం రాదు, రక్తం రాదు. నేను మధ్యమధ్య కప్పకి కూడా జోకులు పెట్టేవాణ్ణి, నిద్రపోకుండా. ఇప్పుడు అదే గొప్పట. ఏమీ జరక్కపోవడమే భయమట. చదువుకున్నవాళ్ళు లమై, వాళ్ళకి తెలుస్తుంది."

"నా దగ్గర లేదని చెప్పు."

"ఉందని చెప్పేశాను."

కోపం వచ్చింది. నీకు ఇచ్చినవాణ్ణి నేనే కదా అన్నాడు. నిజమే. ఆయన కంపెనీ మూతపడిన ఏడు ఆ డబ్బాలు సైకిలు మీద తెచ్చి, "నీ పిల్ల ఉంది, ఉంచుకో" అని పెట్టి వెళ్ళాడు. గుండె గట్టిపడ్డాక చూస్తానన్నాను అప్పుడు.

వెళ్తూ వెళ్తూ అన్నాడు. "వాళ్ళ దగ్గర బాగుచేసే యంత్రాలున్నాయట. పాడైన బొమ్మని కూడా తీస్తారట. దాని ముఖం చూడొచ్చు."

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

మార్చి 10

ముఖం చూడొచ్చు.

మార్చి 17, ఆదివారం

వచ్చారు. ఆనోన్‌కి యాభై ఉంటాయి. మెత్తని మాట, మెత్తని చేతులు. కమలాపళ్ళ బుట్ట తెచ్చి నా పాదాల దగ్గర పెట్టి చేతులు జోడించాడు. వెంట నలిన్ అని ఒక అమ్మాయి, ముప్ఫై లోపే. నల్ల చొక్కా వేసుకుంది. దాని మీద తెల్లగా ఒక బొమ్మ అచ్చు వేసి ఉంది. కుంట గట్టు మీద నిలబడ్డ ఆడమనిషి. భుజాన తువ్వాలు. ముఖం మసకగా ఉంది, పళ్ళు మాత్రం కనబడుతున్నాయి.

"ఎవరమ్మా అది, నీ చొక్కా మీద?"

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "గట్టు దెయ్యం, పెద్దమ్మా! మీ సినిమాలోదే! మేము రెండు వందల మంది ఉన్నాం, అందరికీ ఈ చొక్కాలున్నాయి."

ఆనోన్ సంచిలోంచి అదే బొమ్మ ఉన్న, అద్దం కట్టించిన ఫొటో తీశాడు. ఆ రోజుల్లో హాలు ముందు అంటించిన ఫొటోలలో ఇదొక్కటే మిగిలిందట. చంటిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు.

"సినిమా అంతా దెయ్యం కనబడదు పెద్దమ్మా," అన్నాడు. "జనం ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోతారు. ఆఖరి షాట్‌లో పిల్ల కుంటలో మునుగుతుంది, తేలుతుంది, మునుగుతుంది. అప్పుడు చూస్తే గట్టు మీద ఈమె. ఎప్పటినుంచి ఉందో తెలీదు. కదలదు. చెయ్యి అందివ్వదు. నవ్వుతూ చూస్తూ ఉంటుంది. అంతే, సినిమా అయిపోతుంది. ఆ డైరెక్టరు ఇంకేమీ తియ్యక్కర్లేదు."

"నేను బళ్ళో ఉన్నప్పుడు ఈ ఫొటో చూసి మూడు రోజులు జ్వరంతో పడుకున్నాను," అంది నలిన్ సంతోషంగా. "ఆ వేషం ఎవరు వేశారో ఎవరికీ తెలీదు. పేర్లలో లేదు. కొందరైతే అసలు అక్కడ మనిషే లేదంటారు. ఆ పిల్ల నిజంగానే ఆ సీన్‌లో..."

ఆనోన్ ఆమె మోచేయి నొక్కాడు.

"సీన్‌లో కాదు," అన్నాను. "అప్పుడు అందరూ తింటున్నారు."

ఆ పిల్ల గబుక్కున చేతులు జోడించింది. "తప్పయిపోయింది పెద్దమ్మా. మీరు తల్లి అని చువాన్ తాత చెప్పాడు. నా నోరే ఇంత."

చువాన్ అన్న అటక మీంచి డబ్బాలు దింపించాడు. ఆనోన్ మొదటిది తెరవగానే తల పక్కకి తిప్పుకుని చేతిరుమాలు ముక్కుకి పెట్టుకున్నాడు. ఇల్లంతా పులుపు. చెక్కముక్కలు ఒక్కొక్కటే వేళ్ళతో తీసి నేల మీద పెట్టాడు.

"ఇవేంటి?"

"పులవకుండా."

"ఎక్కడ ఉంచారు ఇవి?"

పొయ్యి మీద అన్నాను. ఏడాదికి ఆరు నెలలు పొద్దున్నించి మధ్యాహ్నం దాకా బెల్లం వండుతాం కదా, వెచ్చగా ఉంటుంది, చెద పట్టదు అన్నాను. ఆయన డబ్బా మూత మెల్లగా పక్కన పెట్టాడు. తరవాత పిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. "దీనికి చల్లదనం కావాలి పెద్దమ్మా. వేడి దీనికి విషం. వేడి తగిలితే తనలోంచే పులుపు పుట్టి తననే తినేస్తుంది. పక్క డబ్బాకి కూడా అంటుకుంటుంది."

మొదటి చుట్ట విప్పబోతే రాలేదు. అచ్చులో పోసిన బెల్లం దిమ్మలా ఉంది. రెండోదీ అంతే. మూడోది పైన ముడతలు పడింది కానీ వేలితో లేపితే లేచింది.

"బాగుంది లమై," అన్నాడు చువాన్ అన్న. "ముప్ఫై ఏళ్ళు పాకం పట్టావు పిల్లని."

అని తనే తల దించుకున్నాడు. కమలాపండు ఒలిచి నలిన్‌కి ఇచ్చాను. తింది.

మూడో డబ్బా ఇమ్మని ఆనోన్ అడిగాడు. ముందు నాకు చూపించాలి, చూపిస్తేనే ఇస్తాను అన్నాను. యంత్రంలో పెడితే తునిగిపోతుంది, ముందు బ్యాంకాక్ తీసుకెళ్ళి మెల్లగా బాగుచేయించాలి అని గంటసేపు బతిమాలాడు. బాగుచేశాక ముఖం వస్తుందని మాట ఇస్తావా అన్నాను. ఇవ్వలేనన్నాడు. మంచివాడే.

మార్చి 18

ఆ రోజుల్లో తువ్వాళ్ళు అందరి దగ్గరా ఉండేవి. సినిమా వాళ్ళే పంచారు. ఒకే రకం.

మార్చి 19

షూటింగు ఆపి తింటున్నారు. చేపల పులుసు, ఉడకబెట్టిన గుడ్లు. నేను గరిటె పట్టుకుని ఉన్నాను.

మార్చి 24

మా ఆయన పున్ ఒక్కసారే అడిగాడు. "నువ్వెక్కడున్నావు?" చెప్పాను, పొయ్యి దగ్గర అని. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ముప్ఫై ఆరేళ్ళు తాటిచెట్లెక్కి నాకు అన్నం పెట్టాడు. చివరి రోజుల్లో దగ్గు మధ్యలో అన్నాడు, "నువ్వు గట్టు మీద ఉండుంటే దూకేసేదానివి. దాని ఖర్మ, నిన్ను పొయ్యి దగ్గర పెట్టింది."

తల నిమిరాను. నిద్రపోయాడు.

ఇప్పుడు ఆయన లేడు. చూస్తే ఏం పోతుంది?

ఏప్రిల్ 2

ఆనోన్ మళ్ళీ ఫోన్ చేశాడు. ప్రతి రోజూ ఇంకొంచెం పోతోందట. ప్రొజెక్టరుని మోటారు లేకుండా చేత్తో తిప్పుతాను, ఫిల్ము చిరగకుండా దాని పళ్ళచక్రాలు అరగదీసి పెడతాను అని చువాన్ అన్న ఒప్పించాడు. పండగ వెళ్ళాక శనివారం.

డబ్బా ఇప్పుడు మంచం కింద, నీళ్ళ కుండ పక్కన పెట్టాను. రాత్రుళ్ళు చల్లగా ఉంటోందా అని చెయ్యి పెట్టి చూస్తున్నాను. ఇన్నేళ్ళూ వెచ్చగా ఉందా అని చూశాను.

ఏప్రిల్ 13

సోంక్రాన్, మా కొత్త సంవత్సరం పండగ. వీధిలో పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు నీళ్ళు పోసుకుంటూ అరుస్తున్నారు. తలుపేసుకున్నాను. నీళ్ళలో పోయిన పిల్లకి ప్రతి పండక్కీ నీళ్ళే ధారపోస్తున్నాను. ఇంకేం పొయ్యాలో భిక్షువులు చెప్పలేదు.

ఏప్రిల్ 20, శనివారం

మధ్యాహ్నం విహారంలోని సామాన్ల హాలులో కిటికీలకి చాపలు కట్టారు. గోడకి దుప్పటి. నేను, చువాన్ అన్న, ఆనోన్, నలిన్. ఆ పిల్ల మళ్ళీ అదే చొక్కా వేసుకొచ్చింది, మంచి రోజని ఉతికి ఇస్త్రీ చేసుకుని.

చువాన్ అన్న చేత్తో తిప్పుతున్నాడు. మొదట గీతలు, మచ్చలు. తరవాత మా తాటితోపు. మా ఇంటి మెట్లు. పున్ అల్లిన బుట్ట. అన్నీ ఉన్నాయి. కుండ ఉంది, కుండ పట్టుకున్న చేతులున్నాయి. చేతులకి పైన తెల్లటి పువ్వులాంటిది, బూజు పట్టినట్టు, కదులుతూ. పిల్ల ఎటు వెళ్తే అటు వెళ్తోంది. పిల్ల ముఖం ఉండాల్సిన చోటల్లా అదే.

"మధ్యలోనే పోయింది," అన్నాడు ఆనోన్ గుసగుసగా. "అంచులు బాగున్నాయి."

నేను దుప్పటికి దగ్గరగా వెళ్ళాను. నా నీడ పడింది. నలిన్ "పెద్దమ్మా, కూర్చోండి" అంటే కూర్చున్నాను.

కుంట వచ్చింది. నీళ్ళలో తెల్ల పువ్వు. మునిగింది, తేలింది. చుట్టూ నీళ్ళు మాత్రం నిన్న తీసినట్టున్నాయి, అల కూడా కనబడుతోంది. అప్పుడు అంచున గట్టు. గట్టు మీద ఆమె. ఎంత స్పష్టంగా ఉందో. నడుముకి చుట్టిన లుంగీ అంచు చిరుగు కూడా కనబడింది. భుజాన తువ్వాలు. నవ్వుతోంది.

అప్పుడు చువాన్ అన్న నవ్వాడు.

తిప్పుతూ తిప్పుతూ, చూపు బొమ్మ మీదే ఉంచి, ఆడగొంతుతో, మెల్లగా, సాగదీసి. యాభై ఏళ్ళ అలవాటు. ఆ షాట్ వస్తే నోరు దానంతట అదే తెరుచుకుంది. పొలాల మీదుగా మా ఇంటికి వచ్చిన నవ్వు అదే. వెంటనే సన్నని గొంతుతో, "అమ్మా... అమ్మా..."

ఫిల్ము తెగింది. దుప్పటి తెల్లబడింది.

నలిన్ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఏడుస్తోంది. "తాతా, గట్టు దెయ్యానికి నవ్వు పెట్టింది మీరా! ఎక్కడా రాసి లేదు! ఇంకోసారి, ఇంకోసారి నవ్వండి, ఫోన్‌లో పట్టుకుంటాను!"

చువాన్ అన్న నన్ను చూస్తున్నాడు. ఆయన చెయ్యి ఇంకా తిప్పుతూనే ఉంది, ఖాళీ చక్రాన్ని.

"నీకు తెలుసా?" అన్నాను.

"వందసార్లు ఆడించాను కదమ్మా."

"ఎవరికీ చెప్పలేదే?"

"పున్ ఉన్నాడు. ఎలా చెప్పను? నవ్వు పెడితే జనం గడగడలాడిపోయేవాళ్ళు. ఆ సినిమాలో వాళ్ళు కదలకుండా చూసింది అదొక్కటే. నా బతుకుతెరువు."

ఆనోన్ మా ఇద్దరినీ చూశాడు. గోడ వైపు చూశాడు. మళ్ళీ నన్ను.

"అది నేను," అన్నాను. "దెయ్యం కాదు. నేనే."

నలిన్ రెండు చేతులూ చొక్కా మీద అడ్డం పెట్టుకుంది. ఆనోన్ మాత్రం మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుని, నేలకి నుదురు ఆనించి నాకు దణ్ణం పెట్టాడు. లేచినప్పుడు కళ్ళలో నీళ్ళున్నాయి. కానీ ముఖం ఎలా ఉందంటే, పన్నెండేళ్ళుగా వెతుకుతున్నది చేతికి దొరికినవాడి ముఖం.

"పెద్దమ్మా," అన్నాడు. "ఇది ఇంకెవరికీ చెప్పకండి. నేను చెప్పేదాకా."

డబ్బా తీసుకెళ్ళాడు. ఇస్తానన్నాను కదా, ఇచ్చాను.

ఏప్రిల్ 21

రాసేస్తాను. పున్ చదవడు.

అప్పుడు ఎవరూ తినడం లేదు. అన్నం ఇంకా పొయ్యి మీదే ఉంది. తోయి నీళ్ళలోకి దిగనని ఏడుస్తుంటే నన్ను పిలిచారు. డైరెక్టరు మర్యాదస్తుడే, నన్ను "చెల్లెమ్మా" అనేవాడు. "పిల్ల నీ ముఖమే చూస్తుంది చెల్లెమ్మా. నువ్వు భయపడితే అది భయపడుతుంది. ఇక్కడ నిలబడి నవ్వుతూ ఉండు. నేను చాలు అనేదాకా నవ్వు ఆపకు. ఫిల్ము ఇదొక్క చుట్టే మిగిలింది, పాడైతే మళ్ళీ తియ్యలేను." తుడవడానికి తువ్వాలు ఇచ్చారు. నేను కెమెరాలో పడతానని ఆయనకీ తెలీదు. నాకసలే తెలీదు.

తోయికి చెప్పాను. "నేను నవ్వుతున్నానంటే ఏమీ కాదని. నన్నే చూడు."

అది నన్నే చూసింది. మునిగింది, లేచింది, చూసింది. నేను నవ్వాను. మళ్ళీ మునిగింది. "ఎంత బాగా చేస్తోందో చూడు నీ పిల్ల," అన్నాడు ఆయన. గర్వంగా అనిపించింది. అవును, గర్వంగా. ఊళ్ళో ఎవరి పిల్ల సినిమాలో చేసింది? మూడోసారి లేచి నోరు తెరిచింది. ఏదో అంది. వినబడలేదు, అందరూ మాట్లాడుతున్నారు. నేను నవ్వుతూనే ఉన్నాను. ఆయన చాలు అనలేదు.

తరవాత లేవలేదు. అడుగున తామరతీగలు. కెమెరా ఆగిపోయి, ఫిల్ము అయిపోయింది అని ఎవరో అన్నాకే ఒకడు దూకాడు.

పోలీసులు వచ్చేలోపల డబ్బు పెట్టినాయన చెప్పాడు, భోజనాల వేళ జరిగిందందాం, అది అందరికీ మంచిది, నీకూ మంచిది అని. అవును, నాకూ మంచిదే అయింది.

వాళ్ళు ఆ సినిమాని ఆపుతారనుకున్నాను. ఆపలేదు. ఆ షాట్ లేకపోతే ఆ సినిమాలో దెయ్యమే లేదు.

ఏప్రిల్ 22

చూస్తే ఏం పోతుంది అనుకున్నాను. దాని ముఖం చూద్దామని వెళ్ళి నా ముఖం చూసుకుని వచ్చాను.

మే 12, ఆదివారం

ఆనోన్ ఫోన్. ఒక్కొక్క బొమ్మే కడిగి, ఆరబెట్టి, వేల బొమ్మలు చూశారట. ఒక్కదాంట్లో ముఖం పూర్తిగా ఉందట. నీళ్ళలోంచి లేచిన ముఖం.

"పంపించు," అన్నాను. "ఇవాళే పంపించు. నేనే వస్తాను కావాలంటే, బస్సెక్కుతాను."

"జూన్ ఎనిమిదిన మా వాళ్ళందరూ కలుస్తున్నాం పెద్దమ్మా. పాత హాలు ఒకటి తీసుకున్నాం. అక్కడ తెర మీద చూపిస్తాం. ముందే ఒక్కరికి చూపించినా బయటికొచ్చేస్తుంది. అప్పుడు ఇక..."

"నేను ఎవరికి చూపిస్తానయ్యా? నా పిల్ల."

"మీరు చూపిస్తారని కాదు. మీరు కూడా రావాలి. మిమ్మల్ని తెర పక్కన నిలబెట్టి, ఈమే అని చెప్పాలి. యాభై ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్న పెద్దమ్మా. మీరొస్తే దాన్ని మీ చేతికే ఇస్తాను. పెద్దది చేయించి, అద్దం కట్టించి."

వెనక నుంచి నలిన్ గొంతు వినబడింది. "బలవంతపెట్టకు అన్నా, వదిలెయ్." ఆ రోజు తరవాత ఆ పిల్ల మళ్ళీ ఆ చొక్కా వేసుకోలేదని చువాన్ అన్న చెప్పాడు.

వస్తానన్నాను.

మే 13

చువాన్ అన్న వద్దన్నాడు. "వాళ్ళు నిన్ను కోతిని ఆడించినట్టు ఆడిస్తారు."

"నువ్వు ఆడించలేదా?"

కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. మెట్లు దిగుతూ జోకు ఒక్కటీ వెయ్యలేదు.

జూన్ 1

అద్దంలో చూసుకున్నాను. పళ్ళు కింద నాలుగు, పైన ఆరు. అయినా ఆమే.

జూన్ 8, శనివారం

బస్సులో వెళ్ళి బస్సులోనే వచ్చేశాను. పొద్దున బయల్దేరితే పొద్దు వాలేసరికి ఇంటికి చేరాను. నిద్ర రాకముందే రాసెయ్యాలి.

హాలు నిండా నా బొమ్మే. నల్ల చొక్కాల మీద, సంచుల మీద, గాజు గ్లాసుల మీద. ఒక అబ్బాయి మోచేతి మీద పచ్చబొట్టు కూడా. నన్ను ఎవరూ గుర్తుపట్టలేదు. "జరగండి మామ్మా, దారి" అన్నారు ఇద్దరు. నలిన్ తెల్లచొక్కా వేసుకుని వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నీళ్ళ సీసా ఇచ్చింది.

ముందు మిగిలిన ముక్క ఆడించారు. గట్టు వచ్చేసరికి అందరూ ఊపిరి బిగబట్టారు. తరవాత ఆనోన్ మైకు పట్టుకుని, "ఈమె ఎవరని అడుగుతున్నాం కదా" అని నా వైపు చెయ్యి చాపాడు. అరుపులు, కేకలు. కుర్చీల మీద ఎక్కారు. ఒక అమ్మాయి స్పృహ తప్పినంత పని చేసింది, నవ్వుతూనే. అందరూ చేతులు జోడించారు. బుద్ధుడి విగ్రహానికి కూడా అంతమంది ఒకేసారి జోడించడం నేను చూడలేదు. ఒకాయన అడిగాడు. "అమ్మా, ఆ నవ్వు మీకు డైరెక్టరు చెప్పి చేయించాడా, మీ అంతట మీరు నవ్వారా?"

"చెప్పాడు," అన్నాను.

"చూశారా, ముందే అనుకున్నాడు!" అని వెనక్కి తిరిగి తన స్నేహితులతో అన్నాడు. పందెం గెలిచినట్టున్నాడు.

అప్పుడు తోయిని చూపించారు.

గోడంత ముఖం. తడిసిన ముడి ఒక పక్కకి జారింది. ఎడమ కనుబొమ మీది పుట్టుమచ్చ. నేను అది మర్చిపోయాను. మార్చిలో రాసుకున్నప్పుడు రాయలేదు. కళ్ళు పక్కకి, గట్టు వైపు ఉన్నాయి, నన్ను చూస్తున్నాయి. నోరు తెరిచి ఉంది.

ఆ నోరు చూడగానే గొంతు వచ్చింది. చువాన్ అన్నది కాదు. దానిదే, కొంచెం బొంగురుగా, జలుబు చేసినట్టు ఉండే గొంతు. ఎన్నేళ్ళకి. ఎంత దగ్గరగా. అది 'అమ్మా' అనలేదు. షూటింగులో డైరెక్టరు నోట రోజూ విన్న మాట ఒకటుంది, అది అంటే అన్నీ ఆగిపోతాయని దానికి తెలుసు. ఆ మాటే అంది.

"చాలు."

నాకు ఆ రోజూ వినబడింది. ఎవరూ మాట్లాడడం లేదు. గట్టు అంతా నిశ్శబ్దంగా ఉంది. పిల్ల ఎందుకంది, ఆయన కదా అనాలి అనుకున్నాను.

అద్దం కట్టించిన ఫొటో ఆనోన్ నా చేతుల్లో పెట్టాడు. మాట తప్పలేదు. ఇప్పుడు మంచం కింద నీళ్ళ కుండ పక్కన, చల్లగా ఉండే చోట పెట్టాను.

వచ్చేముందు నన్ను తెర ముందు నిలబెట్టి ఫొటోలు తీశారు. వెనకాల నేను, ముందు నేను. భుజాన ఎవరో తెల్ల తువ్వాలు వేశారు. కెమెరా అబ్బాయి, "అమ్మా, ఒక్కసారి ఆ నవ్వు," అన్నాడు.

నవ్వాను. తోయి ఫొటో చేతిలో పట్టుకుని, ఆ అబ్బాయి చాలు అనేదాకా నవ్వుతూనే ఉన్నాను.